మర్కటకము: గోడమీది ఈగపులి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



అమరకోశమున సాలెపురుగునకు నాలుగు పేర్లు కలవు: లూత, తంతువాయము, ఊర్ణనాభము, మర్కటకము. తంతువాయ మనగా దారము నేయునది. ఊర్ణనాభ మనగా నాభియందు ఉన్ని గలది, అనగా కడుపులోనుండి నూలు తీయునది. లూత యను పేరునకు వేరొక కథ కలదు. అది కొంత తడవునకు వచ్చును. నాలుగవదైన మర్కటకమునకు మాత్రము నేతతో ఏ సంబంధమును లేదు. మర్కటమనగా కోతి. సాలెపురుగును కోతిపిల్ల యని పిలువవలసిన అవసర మేమి కలిగినదో గాని, గోడమీద నాలుగడుగులు నడచి, ఆగి, తల త్రిప్పి చూచి, మరుక్షణమున ఎగిరి ఈగమీద పడు ఒక చిన్నప్రాణిని గమనించినవారికి ఈ పేరు ఇట్టే అతికినట్లు తోచును. ఈ ప్రసంగము ఆ ప్రాణిని గూర్చినది.

తెలుగువారికి సాలెపురుగు అనగానే శ్రీకాళహస్తి జ్ఞప్తికి వచ్చును. ఆ క్షేత్రనామమున 'శ్రీ' సాలెపురుగు, 'కాళము' పాము, 'హస్తి' ఏనుగు. ధూర్జటి మహాకవి శ్రీకాళహస్తి మాహాత్మ్యమును ప్రబంధముగా రచించెను. సాలెపురుగు తన కడుపులోని నూలుతో శివునకు గోపురములు, మండపములు అల్లినదనియు, దీపజ్వాల ఆ యల్లికను కాల్చగా కోపించి దీపమునే మ్రింగబోయినదనియు ఆ క్షేత్ర కథ. ముండకోపనిషత్తున సృష్టికి ఊర్ణనాభి ఉపమానమైనది. అది తనలోనుండి దారమును వెడలించి మరల తనలోనికే గ్రహించును గదా! కవియు ఋషియు చూచినది వలపన్ను సాలెపురుగును. గోడమీది మర్కటకము వల పన్నదు. అది గుడి కట్టదు, ఉచ్చు వేయదు. కన్నులతో వెదకి, కాళ్లతో దూకి, పట్టుకొని తినును. అందుచేతనే కాబోలు, కావ్యములలో దానికి చోటు దొరకలేదు.

తెలుగు పేరును పరిశీలించినచో ఇంకొక వింత కలదు. సాలె యనగా నేతగాడు. ఇది నేయదు. పురుగు అన్నమాటను కీటకమను అర్థమున గ్రహించినచో, కీటకమునకు ఆరు కాళ్లు, తలపై రెండు మీసములు, మూడు భాగములుగా శరీరము ఉండవలెను. దీనికి ఎనిమిది కాళ్లు, మీసములు లేవు, శరీరము రెండే భాగములు. కావున ఇది సాలెయు కాదు, పురుగును కాదు. పల్లెలలో వినవచ్చు 'ఈగపులి' యను మాట దీనికి సరిగా తగియున్నది. పులివలెనే ఇది పొంచును, పులివలెనే ఒంటరిగా తిరుగును, పులివలెనే ఒక్కదూకున పని ముగించును. పండితుల సంస్కృతమునకన్న పశువుల కాపరి తెలుగు ఇచట మేలుగా నున్నదని ఒప్పుకొనవలెను.

శాస్త్రజ్ఞులు దూకెడి సాలెపురుగుల నన్నిటిని ఒక కుటుంబముగా జేర్చి 'సాల్టిసిడే' యని పేరు పెట్టిరి. సాలెపురుగుల కుటుంబములలో ఇదియే మిక్కిలి పెద్దది. ఇంతవరకు గుర్తించిన జాతులు ఆరువేలకు పైబడినవి. కుటుంబమునకు లోపల ప్రజాతి, ప్రజాతికి లోపల జాతి. ఈ పద్ధతి తెలుగువారికి ఎవ్వరును బోధింప నక్కరలేదు. పాశ్చాత్యులు తమ పేర్లలో ఇంటిపేరును కడపట వ్రాయుదురు; కాని ప్రాణులకు పేరు పెట్టునపుడు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక వ్రాయుదురు. అనగా జంతుశాస్త్రమున వారు తెలుగువారి ఆచారమునే పాటించుచున్నారన్నమాట!

ఇండ్ల గోడలపై తరచుగా కనబడు ఈగపులి ఇంటిపేరు ప్లెక్సిప్పస్. ఈ ప్రజాతిని 1846లో కార్ల్ లుడ్విగ్ కోచ్ అను జర్మను పండితుడు స్థాపించెను. అది గ్రీకు మాట. గుఱ్ఱములను అదలించువా డని అర్థము. గ్రీకు పురాణములలో ఆ పేరుగల పురుషులు కలరు. ఈ ప్రజాతిలోని జాతులలో భారతదేశపు ఇండ్లయందు తరచుగా వసించునవి రెండు: ప్లెక్సిప్పస్ పేకుల్లి, ప్లెక్సిప్పస్ పీటర్సి. మొదటిది ఓడలవెంట, సరకులవెంట మనుష్యునితో ప్రయాణము చేసి, నేడు ఉష్ణమండల దేశములన్నిటను గోడలమీద కాపురముండుచున్నది.

ఈ మొదటి జాతి శాస్త్రమున కెక్కిన విధము విషాదకరమైనది. 1798లో నెపోలియను ఈజిప్టుపై దండెత్తినపుడు సైన్యముతో పాటు పండితులను గూడ తీసికొనిపోయెను. వారిలో జూల్ సెజార్ సావిన్యీ అను యువకుడు అచటి చిన్నప్రాణులను సేకరించి, సాలెపురుగుల కన్నులను, కాళ్లను, దంష్ట్రలను అతిసూక్ష్మముగా చిత్రపటములందు చూపించెను. కన్నులను అంతగా శ్రమపెట్టిన ఆ పండితునికి కన్నులే జబ్బుపడినవి. 1817లో వ్యాధి మొదటిసారి తలసూపినది, 1824లో తిరుగబెట్టినది. ఆ మీదట వెలుతురును సహింపలేక, 1851లో మరణించువరకు చీకటిగదులలోనే కాలము గడపవలసి వచ్చెను. పటములు సిద్ధముగా నున్నవి. వాని వివరణ వ్రాయువారు లేరైరి. ఆ పని విక్టర్ ఓడువాఁ అను మరియొక పండితునికి అప్పగింపబడినది. ఈ ఈగపులికి నేడు చెల్లుచున్న జాతినామము 1826 నాటి ఆ వివరణయందే వెలువడినది. చూపుతో బ్రతుకు ప్రాణిని లోకమునకు చూపినవాడు దానికి పేరు పెట్టునాటికే తన చూపును కోల్పోయెను. పురాణములందు ఇట్టి కథ యున్నచో శాపమనియెడివారు.

ఇక దాని రూపము. శరీరమున ముందుభాగము శిరోవక్షము. తలయు రొమ్మును ఒకటిగా కలిసిన భాగమది. వెనుకభాగము ఉదరము. రెంటికి నడుమ సన్నని నడికట్టు. పేకుల్లి ఆడుది 9 మొదలు 12 మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు కందిగింజ రెండింటిని వరుసగా పెట్టినంత. మగది కొంచెము చిన్నది. శిరోవక్షము ఎత్తుగా, పెట్టెవలె చదరముగా నుండును. ముందువైపున అది నిలువుగా తెగి, ముఖమువలె కనబడును. ఒడలంతయు పొట్టివెండ్రుకలు, అక్కడక్కడ నిక్కబొడుచుకొన్న నల్లని రోమములు. మగదానిని గుర్తించుట మిక్కిలి సులభము. నల్లని మేనిపై నడుమ ఒక తెల్లని వెడల్పుచార ముఖమునుండి ఉదరము చివరివరకు సాగును. ఇరుప్రక్కలను మరి రెండు తెల్లచారలు. ఉదరపు వెనుక కొసయందు రెండు తెల్లచుక్కలు. వీభూతిరేఖలు దిద్దుకొన్నవాని వలె నుండునని చెప్పవచ్చును గాని, ఈ రేఖలు నిలువుగా నుండును గనుక ఊర్ధ్వపుండ్రములని వైష్ణవులు వాదింపవచ్చును! ఆడుది గోధుమవన్నె కలిసిన బూడిదరంగు. కన్నులచుట్టును నలుపెక్కువ. నడుమనున్న లేతవన్నె చార ఉదరముమీదికి వచ్చి, వెనుకభాగమున కోణపు గుర్తులుగా విరుగును. గోడకు, మట్టికి కలిసిపోవు వేషము ఆడుదానిది, మగది అలంకారప్రియము. ఆడుదానిని చూచినపుడు మగది ముందుకాళ్లను ఎత్తి ఊపుచు, ప్రక్కలకు జరుగుచు నాట్యమాడును. ఆ నాట్యము నచ్చనిచో ఆడుది దానిని ఆహారముగా గ్రహించుటయు కలదు.

నోటికి ఇరుప్రక్కల చిన్నకాళ్లవలె నుండునవి స్పర్శాంగములు. ఎనిమిది కాళ్లను లెక్కించునపుడు వీనిని కలుపరాదు. మగదానికి ఇవి కొసయందు ఉబ్బియుండును. సంతానోత్పత్తియందు వానికి పనికలదు.

ఇంతవరకు చెప్పినది చారలు, కొలతలు. కన్నులు వేరే అధ్యాయము. అవి ఎనిమిది. ముందువరుసలో నాలుగు, వానివెనుక రెండు, ఇంకను వెనుక రెండు. ముందువరుసలో నడిమి రెండును తక్కినవానికన్న మిక్కిలి పెద్దవి. మోటారుబండి దీపములవలె నేరుగా ముందునకు చూచును. రెండవవరుస కన్నులు ఆవగింజలో పరమాణువంతటివి. భూతద్దము లేక కానరావు. ఈ వరుస ఒక్కటి చాలును, ఆ ప్రాణి దూకెడి కుటుంబమునకు చెందినదని నిర్ణయించుటకు. పొలమునకు సరిహద్దురాళ్లెట్టివో సాలెపురుగుల కుటుంబములకు కన్నుల పొందిక యట్టిది. రంగు మారినను రాయి మారదు.

ఎనిమిది కన్నులును ఒకేపని చేయవు. ప్రక్కకన్నులును, వెనుకకన్నులును కావలివారు. వాని మూలమున తనచుట్టును ఇంచుమించు అన్నిదిక్కుల కదలికయు దానికి తెలియును. వెనుకవైపున ఈగ వ్రాలినచో, అవి మొదట పసికట్టును. వెంటనే ప్రాణి గిరుక్కున తిరిగి, పెద్దకన్నులను ఆవైపు నిలుపును. అది యేమి, ఎంతదూరమున నున్నది, తినదగినదా, పారిపోదగినదా యని నిర్ణయించునవి పెద్దకన్నులు. వీని నిర్మాణము దూరదర్శిని గొట్టమువలె నుండును. కంటి అద్దము శరీరపు పెంకులో బిగిసియున్నది. మనుష్యుని కనుగ్రుడ్డువలె తిరుగదు. కాని గొట్టము వెనుకకొసను, చిత్రము పడు పొరను ఆరు కండరములు లోలోపల అటునిటు త్రిప్పుచుండును. కన్నుకదలకయే చూపు కదలుచున్నదన్నమాట. దగ్గరగా భూతద్దముతో చూచువానికి ఆ పెద్దకన్ను ఒకపుడు నల్లగాను, ఒకపుడు లేతగాను కానవచ్చును. లోని గొట్టము అటుతిరిగినపుడు లేతవన్నె; నల్లగా నున్నపుడు అది చూచువానినే చూచుచున్నదని గ్రహింపవలెను.

చిత్రము పడు ఆ పొర ఒకటి కాదు. ఒకదానివెనుక ఒకటిగా నాలుగు. ఇవి దేనికో తెలిసినది ఇటీవలనే. ప్లెక్సిప్పస్‌నకు జ్ఞాతియైన హసారియస్ ఆడన్సోని యను ఇంటి ఈగపులిని జపానులోని ఒసాకా నగరమున శాస్త్రజ్ఞులు పరీక్షించి 2012లో ఫలితము ప్రకటించిరి. ఒక పెద్దకన్ను తప్ప తక్కిన కన్నులన్నిటిని కప్పివేసిరి. ఒంటికన్నుతోను అది దూరమును సరిగా అంచనావేసి దూకెను. ఎట్లనగా, ఒక పొరపై చిత్రము స్పష్టముగాను, వేరొక పొరపై మసకగాను పడును. ఆ మసక యెంతయో దానినిబట్టి దూరమెంతయో తెలిసికొనును. ఆకుపచ్చని వెలుతురున ఈ లెక్క తప్పలేదు. ఎఱ్ఱని వెలుతురున మాత్రము దూకు చాలక ముందుగానే పడిపోయెను. వెలుగు రంగుమారగా మసక కొలత తప్పినది. ఇంత లెక్క ఆవగింజంత మెదడులో జరుగుచున్నది!

దూకుటలోను ఒక రహస్యము కలదు. మిడుత వెనుకకాళ్లు లావుగా, తొడలు కండపట్టియుండును. ఈగపులి కాళ్లు అట్లుండవు. ఐనను తన పొడవునకు అనేక రెట్లు దూకును. సాలెపురుగుల కాలికి ముడుచు కండరములు కలవు. చాచు కండరములు ముఖ్యమైన రెండు కీళ్లయందు లేవు. ముడుచుకొన్న కాలు ఎట్లు చాచుకొనును? శిరోవక్షమునందలి ద్రవమును ఒక్కసారి ఒత్తిడితో కాళ్లలోనికి పంపును. ఆ ఒత్తిడికి కాలు చటుక్కున నిటారగును. 1959లో పారీ, బ్రౌన్ అను ఇరువురు ఈ కుటుంబమునకే చెందిన యొక సాలెపురుగునందు దీనిని కొలిచి నిరూపించిరి. ట్రాక్టరు తొట్టిని నూనె ఒత్తిడితో పైకెత్తుట రైతులు నిత్యము చూచునదే. ఆ సూత్రమే ఇదియు. చచ్చిన సాలెపురుగు కాళ్లన్నియు లోపలికి ముడుచుకొని యుండుటకు కారణము గూడ ఇదియే. ప్రాణము పోగా ఒత్తిడి పోయినది. ముడుచు కండరములు మాత్రము మిగిలినవి.

దూకుటకు ముందు ఇది నిలిచినచోట ఒక దారపు కొసను అతికించును. నేత రాకున్నను నూలు లేకపోలేదు. గురితప్పినచో ఆ దారమున వ్రేలాడి, తిరిగి ఎక్కును. తాటిచెట్టెక్కు గీతకార్మికునికి మోకు ఎట్టిదో దీనికి ఈ దారమట్టిది. పాదములకొసను సన్నని రోమముల కుచ్చులుండుటచే అద్దముమీదను, నున్నని సున్నపుగోడమీదను జారదు.

కామవరపుకోట చుట్టుపట్ల మామిడి, జీడిమామిడి తోటలలో ఆకులు కుట్టి గూడుకట్టు ఎఱ్ఱచీమలు అందరికి అనుభవమే. కాయ కోయబోయినవాని మెడమీద అవి పడినపుడు కలుగు బాధ మరువదగినది కాదు. ఆ చీమల వేషము వేసికొని వానిచెంతనే తిరుగు ఈగపులి యొకటి భారతదేశమున కలదు. మిర్మాప్లాటా అను ప్రజాతి యది. నడుము సన్నగించి, ముందుకాళ్లను చీమ మీసములవలె నాడించును. మగదాని దంష్ట్రలు ముందునకు పొడవుగా సాగియుండుటచే, మరియొక చీమను మోసికొనిపోవు చీమవలె కనబడును. చీమలను తినజంకు పక్షులు దీనిని గూడ విడిచిపెట్టును. బహురూపి వేషములలో ఇంతకు మించినది లేదు.

ఇపుడు దీనిమీదనున్న నింద. ఒంటిమీద ఎఱ్ఱని పొక్కులు వరుసగా లేచినచో, 'సాలెపురుగు పాకినది' అని చెప్పుట తరతరముల అలవాటు. ఈ మాట నిన్నమొన్నటిది కాదు. సుశ్రుతసంహిత కల్పస్థానమున లూతావిషముల ప్రస్తావన కలదు. విశ్వామిత్రుడు కోపము తెప్పింపగా, వసిష్ఠుని చెమటబిందువులు కోసిన గడ్డిపై పడి లూతలైనవట. కోయబడినదానికి లూనమని పేరు, అందుచేత లూత. లూతలు పదునారు విధములని ఆ గ్రంథము. ప్రాచీన వైద్యులు పరిశీలనాపరులు. వారిని తేలికచేయుట తగదు. ఐనను వారు చెప్పిన లక్షణములన్నిటిని గోడమీది ఈగపులికి అంటగట్టుట న్యాయము కాదు. దీని విషము ఈగకు చాలునే కాని మనుష్యునికి ముప్పు కలిగింపదు. చేతితో నొక్కిపట్టిననే తప్ప కరవదు. కరచినను అల్పమైన మంట. పాకినంతమాత్రమున ఒంటిమీద ఏమియు లేవదు.

మరి పొక్కులెక్కడివి? ముఖ్యముగా రెండు కారణములు. మొదటిది పిడెరస్ అను చిన్న పురుగు. ఒక సెంటిమీటరు లోపు పొడవు. నారింజరంగును నలుపును మార్చిమార్చి పట్టీలుగా నుండును. చూచుటకు చీమవలె నుండును. తేమగల నేలలు, వరిచేలు దాని నివాసము. కొల్లేటి చుట్టుపట్లను, కాలువల క్రిందను చెప్పనక్కరలేదు. మెట్టయందును చెరువుల క్రింద, బోర్ల క్రింద వరి కలదు. వర్షకాలపు రాత్రులందు దీపమునకు వచ్చి మెడమీదనో, చేతిమీదనో వ్రాలును. అది కరవదు, కుట్టదు. చేతితో నలిపివేసినచో మాత్రము దాని రక్తమునందున్న పిడెరిన్ అను విషము చర్మమునంటి, నలిపిన దారినే గీతవలె బొబ్బలు లేపును. ఆ బొబ్బలు వెంటనే రావు; ఒకటి రెండు దినములకు వచ్చును. అప్పటికి పురుగు లేదు, దాని జ్ఞాపకము లేదు. గోడమీద చూడగా సాలెపురుగు కనబడును! ఒకరి శిస్తుబాకీ వేరొకరి పట్టాకు వ్రాసినట్లు నేరము దానిమీద పడినది. పిడెరస్ ఒంటిమీద వ్రాలినపుడు నలుపక ఊదివేసి, ఆ చోటును సబ్బుతో కడుగవలెను.

రెండవ కారణము సర్పి. ఆటలమ్మ పోసి తగ్గినవారి నరములలో దాగియున్న ఆ సూక్ష్మజీవియే ఏండ్లు గడచినపిమ్మట మరల మేల్కొని, ఒకప్రక్కనే మంటతో కూడిన పొక్కులను పుట్టించును. పెద్దవయసువారికి అది అధికముగా వచ్చును. కంటిదగ్గర వచ్చినచో చూపునకే ప్రమాదము. దీనికి మందు కలదు. పొక్కులు కనబడిన మూడు దినములలోపుగా ఆరంభించిన చక్కగా పనిచేయును. 'సాలెపురుగు పాకినది, ఆకుపసరు పూయుడు' అని ఆ మూడు దినములను గడపివేసి, నెలలతరబడి నరముల నొప్పి అనుభవించువారు కలరు. నింద పడినది సాలెపురుగుమీద. శిక్ష అనుభవించినది రోగి. ఇట్టి పొక్కులు చూడగానే ఆస్పత్రికి పోవలెను.

ఈగలను చంపుటకు ఇండ్లలో విషపు మందులు చల్లుటయు నేడు హెచ్చినది. ఆ మందునకు ఈగయు ఈగపులియు ఒక్కటే. కాని ఈగ వేసవిదినములలో పదిదినముల లోపుగనే గ్రుడ్డునుండి ఎదుగును. ఈగపులికి నెలలు పట్టును. మందు విరిగినపిమ్మట ముందుగా తిరిగివచ్చునది ఏదియో లెక్క చెప్పనక్కరలేదు. ఈగపులులే ఇంటిలోని ఈగలను, దోమలను పూర్తిగా రూపుమాపునని ఎవరైన చెప్పిన అతిశయోక్తి యగును. పేడకుప్పను, మురుగును తొలగించుటకు బదులు అవి పనికిరావు. జీతము లేని కావలివాడు చేయగలిగినంత చేయును, అంతే.

గ్రంథాలయ బీరువాలను తుడుచువారికి కడపట ఒక సంగతి. పుస్తకములకు శత్రువులు చెదలు, వెండిపురుగులు. ఈగపులి కాగితమును తినదు. దానికి ప్రాణమున్న ఆహారమే కావలెను. రాత్రులందు తలదాచుకొనుటకు, పుస్తకపు వెన్నుకును పలకకును నడుమ తెల్లని, పలుచని పట్టుసంచి కట్టుకొనును. కొన్ని సంచులలో గ్రుడ్లుండును. ప్లెక్సిప్పస్ పేకుల్లి ముప్పదియైదు మొదలు అరువదివరకు పెట్టును. తల్లి వానిచెంతనే కావలియుండును. ఆ సంచిని గుడ్డతో తుడిచివేయక, ఆ పుస్తకము నెవరైన అడిగినపుడు దళసరి కాగితముతో మెల్లగా ఎత్తి, కిటికీ మూలకు చేర్చిన చాలును. పిల్లలు బయటకు వచ్చునప్పటికే ఎనిమిది కన్నులును తల్లికున్న వరుసలోనే యుండును. తల్లి వానికి వేట నేర్పదు. వలలేని వేటయు, దారమును అతికించి దూకుటయు వానికి పుట్టుకతోనే వచ్చును. కొన్నాళ్లకు అవి తలకొక గోడ చూచుకొని విడిపోవును.